ఆరు గంటల జవాబు

మోహిత్‌ని ఎక్కడ పట్టుకోవాలి, ఎలా పట్టుకోవాలి అని గూఢచారి డిపార్ట్‌మెంట్ నెలల తరబడి ఫైళ్లు కదుపుతుండగా, మునగపాక రోడ్డు మలుపులో ఒక చెరుకు లారీ ఆ సమస్యని కనురెప్పపాటులో తేల్చేసింది. బైక్ రోడ్డుకి ఈ పక్క కాలవలో, మోహిత్ ఆ పక్క కాలవలో. జేబులో దొరికిన ఆధార్ కార్డు నకిలీది కాబట్టి ఆ శవం ఎవరిదో పోలీసులకి ఇంకా తెలియదు. శత్రువు పోయాడని సంతోషించే వీలు మాత్రం డిపార్ట్‌మెంట్‌కి లేకపోయింది.

ఆ సమయానికి ఏజెంట్ రామ్‌గోపాల్ అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డులో ఒక దిమ్మ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కటక్‌లో స్థిరపడ్డ తెలుగు వ్యాపారి వేషం అతనిది. తెల్ల లాల్చీ, దాని మీద పాన్ మరకలు, మెళ్లో రాగి తాయెత్తు. దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకోవడం, కళ్లు మూసుకోవడం, తల అటూ ఇటూ ఊపి పెదవి విరవడం బాగా నేర్చుకున్నాడు. ఏది మంచి బెల్లమో మాత్రం ఇప్పటికీ తెలియదు.

"రంగెలా ఉంది?" అంది చెవిలో ఇయర్‌పీస్.

"తేనె రంగు. చెమ్మ లేదు."

కోడ్ సరిపోయింది. అవతల విశాఖపట్నం ఆఫీసు నుంచి చీఫ్.

"మోహిత్ పోయాడు. లారీ గుద్దింది."

"మనవాళ్లేనా?"

"మనవాళ్లకి అంత టైమింగ్ ఎక్కడుంది? నిజం యాక్సిడెంటే. ఇప్పుడు టైమెంత?"

"మూడు దాటింది."

"ఆరింటికి ఏం జరుగుతుందో తెలుసుగా?"

తెలుసు. తెలుసు కాబట్టే నోట్లో బెల్లం ఉన్నట్టుండి చప్పబడిపోయింది.

సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుళ్లని తెంచే విదేశీ ముఠా కోరల్. దాని నాయకుణ్ణి కమడోర్ అంటారు. వచ్చే అమావాస్యకి తూర్పు తీరంలో ఒక పెద్ద కేబుల్ మీద వాళ్ల కన్నుంది. ఏ చోట అన్నది కమడోర్‌కి ఒక్కడికే తెలుసు. అతని పక్కన, నడిసముద్రంలో తిరిగే తెల్లని యాట్‌లో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సుమశ్రీ ఉంది. లోకానికి ఆమె లక్షల మంది ఫాలోయర్లున్న ఫ్యాషన్ డిజైనర్. కమడోర్‌కి, భారత ప్రభుత్వ రహస్యాలు అమ్మే మనిషి. నిజానికి ఆమె అమ్మేవన్నీ చీఫ్ స్వయంగా కూర్చుని వండిన అబద్ధాలు. డబుల్ ఏజెంట్.

కోరల్ తన మనిషిగా మోహిత్‌ని అనకాపల్లి పోస్టులో పెట్టినప్పుడు అతనికి పూచీ పడింది సుమశ్రీయే. రోజూ సాయంత్రం ఆరింటికి కమడోర్ కంప్యూటర్ ఒక ప్రశ్న పంపుతుంది. మోహిత్ గదిలోని మెషిన్ దానికి జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే పోస్టు పోలీసుల చేతిలో పడిందని లెక్క. పోస్టు పోతే పూచీ పడ్డవాళ్లూ పోతారు. క్రితం ఏడాది అలా పూచీ పడ్డ ఒకాయన్ని కమడోర్ లంగరుకి కట్టి నీళ్లలోకి దింపాడు.

"సుమశ్రీని తప్పించలేమా, సార్?"

"మన బోటు అక్కడికి చేరేసరికి తెల్లారుతుంది. మోహిత్ పోయిన సంగతి వాళ్లకింకా తెలియదు. లాప్‌టాప్ గదిలో ఆన్‌లోనే ఉండాలి. దానంతటదే జవాబు చెబుతుంది. నువ్వు వెళ్లు. తాకకు. పక్కన కూర్చుని చూడు. అంతే."

ఏమీ చెయ్యకుండా కూర్చోమన్న ఆర్డరు రామ్‌గోపాల్‌కి ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. అదీ సుమశ్రీ విషయంలో. ఆమె అంటే అతనికి ఇష్టం. ట్రైనింగ్ రోజుల నుంచీ డిపార్ట్‌మెంట్‌లో ఆమెకి తప్ప అందరికీ తెలిసిన రహస్యం అదొక్కటే.

*

మోహిత్ అద్దెకున్నది చిన్నమ్మలు గారి బెల్లం కమీషన్ కొట్టు మీది గదిలో. అరవై దాటిన మనిషి. భర్త పోయాక వ్యాపారమంతా ఒంటిచేత్తో నడుపుతోంది. కింద దిమ్మలు, గోనెసంచులు, కాటా, గల్లాపెట్టె, దాని పక్కన బిల్లులు కొట్టే పాత కంప్యూటరు. బయట మొక్కజొన్న పొత్తులవాడి బండి. కొట్టంతా ఘాటైన తీపి వాసన.

"పిన్నిగారూ, మోహిత్ బాబు గది తాళం కావాలి. నాకోసం ఏదో కాగితం ఉంచాడట."

"కటకు బాబా? రా నాయనా. మోయితు బాబు పొద్దుగాలే బండేసుకుని ఎల్లేడు, ఇంకా రాలేదు. అన్నానికి కూడా రాలేదు, ఏటో మరి. పైకెల్లి సూసుకో," అంటూ తాళం చేతిలో పెట్టింది.

ఇక అతను అన్నానికి రాడని చెప్పకుండానే రామ్‌గోపాల్ మెట్లెక్కాడు.

గది తలుపు తీసేసరికి టేబుల్ మీద లాప్‌టాప్ ఉంది. స్క్రీన్ నల్లగా ఉంది. తాకితే పెనంలా కాలింది. పవర్ బటన్ నొక్కాడు. లోపల ఏదో గరగరలాడింది. కీబోర్డు సందుల్లోంచి ఎర్రని గీతలా ఏదో బయటికి పాకింది.

"శ్రావ్యా, చీమలు," అన్నాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ స్థానంలోకి వచ్చింది శ్రావ్య, డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ నిపుణురాలు.

"ఆ కోడ్ నాకు తెలీదే."

"కోడ్ కాదు. నిజం చీమలు. లాప్‌టాప్ నిండా."

బెల్లం కొట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుంటే ఏమవుతుందో కోరల్ ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పి ఉండరు. బెల్లం పొడి గాలితోపాటు లోపలికి పోయి ఫ్యాన్ రెక్కలకి పాకంలా అంటుకుంది. దాని వెనకే చీమలు వచ్చి కాపురం పెట్టాయి. ఫ్యాన్ తిరగదు. మెషిన్ వేడెక్కి ఆరిపోతుంది. మళ్లీ వేస్తే కాసేపు నడిచి మళ్లీ ఆరిపోతుంది.

"ఆరింటి దాకా ఆగదు," అంది శ్రావ్య.

"ఇంకో లాప్‌టాప్ పంపించు."

"బయల్దేరింది. హైవే మీద ట్రాఫిక్‌లో ఉంది. ఆరున్నరకి ముందు రాదు. ముందు నేను చెప్పేది విను. జవాబు చెప్పేది ఈ లాప్‌టాప్ కాదు. దీని లోపల నడిచే ఒక వర్చువల్ మెషిన్, వీఎం అంటాం. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. పెద్దింట్లో ఒక వాటాలో అద్దెకున్న కాపురం లాంటిది అనుకో. ఇల్లు కూలిపోతోంది. కాపురాన్ని బయటికి తేవాలి."

"ఎక్కడికి?"

"అదే కొట్టులో ఇంకో కంప్యూటర్ ఉందా? కచ్చితంగా అదే కొట్టులో ఉండాలి. జవాబు ఆ కొట్టు ఇంటర్నెట్ లైన్ నుంచే రావాలి. కమడోర్ అది చూస్తాడు."

"కింద బిల్లులు కొట్టేది ఒకటుంది. నా వయసు ఉంటుంది."

మోడల్ చెప్పమంది. చెప్పాడు. శ్రావ్య నిట్టూర్చింది.

"దాంట్లో వర్చువల్ మెషిన్ నడవదు. మెమరీ చాలదు. అది ఇంకొకరిని లోపల పెట్టుకునే పెద్దిల్లు కాదు, ఒంటిగది. ఒకటే దారి. వీఎం డిస్కులో ఉన్నదంతా పెన్‌డ్రైవ్ మీదికి దింపి, దాన్ని బూటబుల్ చేసి, ఆ పాత కంప్యూటర్ని ఆ డ్రైవ్ నుంచే స్టార్ట్ చెయ్యాలి. అప్పుడు వీఎం ఎవరి లోపలా ఉండదు. ఆ కంప్యూటరే అది అయిపోతుంది. నీ తాయెత్తు ఉందా?"

తాయెత్తు విప్పితే లోపల పెన్‌డ్రైవ్. ఆయుధాల సెక్షన్ వాళ్లు గర్వంగా ఇచ్చిన గాడ్జెట్. ఇన్నాళ్లకి పనికొచ్చింది.

రామ్‌గోపాల్ బాత్రూంలో గోనెపట్టా తడిపి పిండి, లాప్‌టాప్ కింద పరిచాడు. టేబుల్ ఫ్యాన్ దాని మీదికి తిప్పాడు. ఆన్ చేశాడు. సుమశ్రీ ఎప్పుడో సంపాదించి పంపిన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాడు.

"వీఎం డిస్కంతా ఒకే ఫైలు," అంది శ్రావ్య. "ఆ ఫైలుని మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. దాన్ని విప్పి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఉన్నదున్నట్టు డ్రైవ్ మీద పరవాలి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. డ్రైవ్ పేరు రెండుసార్లు చూసుకో. అక్కడ తప్పు కొట్టావంటే లాప్‌టాప్‌నే తుడిచేస్తావు. అందరం ఇళ్లకి పోవచ్చు."

కొట్టాడు. చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. ఎంటర్ నొక్కాడు.

శాతాలు కదలడం మొదలుపెట్టాయి.

రామ్‌గోపాల్ కదిలే రైలు మీంచి దూకినవాడు. కళ్లకి గంతలు కట్టుకుని తుపాకీ విప్పి బిగించగలడు. ఆ చేతులతో ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే, చీమల్ని దులపడం. అంకె కదలమంటే కదలదు. తిట్టినా కదలదు. నాలుగు, కాసేపటికి అయిదు. దాని చిత్తం వచ్చినట్టు అది నడుస్తోంది. సుమశ్రీ ప్రాణం ఆ అంకె వెనకాల వేలాడుతోంది. అతనికి ఏడుపొచ్చింది. ఇంతటి చేతకానితనం అతనెప్పుడూ ఎరగడు.

సగం దాటింది. ముప్పావు దాటింది. తొంభై దాటాక ఆగిపోయింది. స్క్రీన్ మీద ఎర్రని లైను పడింది.

"చోటు లేదంటోంది, శ్రావ్యా."

"అదేంటి? వీఎం డిస్కు అరవై నాలుగు జీబీ. డ్రైవ్ కూడా అరవై నాలుగేగా?"

అడిగిన మరుక్షణమే ఆమెకి అర్థమైంది. ఇయర్‌పీస్‌లో ఆమె నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"డ్రైవ్ అమ్మేవాడు వెయ్యికి ఒక మెట్టు చొప్పున లెక్క కడతాడు. వీఎం వెయ్యిన్నీ ఇరవై నాలుగుకి ఒకటి చొప్పున కడుతుంది. అట్ట మీద అంకె ఒకటే, లోపల చోటు తక్కువ. సారీ రామ్‌గోపాల్. నేను చూసుకోవాల్సింది."

తిట్టడానికి కూడా టైం లేదు. లాప్‌టాప్ ఆపేసి కిందికి పరిగెత్తాడు.

"పిన్నిగారూ, ఇక్కడ పెన్‌డ్రైవ్‌లు ఎక్కడ దొరుకుతాయి?"

"మెయిన్‌రోడ్డు సెల్‌ఫోను కొట్లలో. అయితే ఇయ్యాల తియ్యరు బాబూ. కార్తీకమాసం కదా, ఆల్ల సంగమోల్లంతా వనబోజనాలకి ఎల్లేరు. బస్సు కట్టించుకుని మరీ ఎల్లేరు."

రామ్‌గోపాల్ దిమ్మల మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. చిన్నమ్మలు అతని మొహం చూసి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది.

"ఏటయిందేటి?"

"మీ దగ్గరేమైనా ఉందా? పాటలదైనా, ఏదైనా."

"నా కాడ మా అమ్మాయి బుజ్జి పెల్లిది ఒకటుంది. పెద్దదే. వీడియో అంతా అందులో ఎట్టిచ్చేడు ఫొటో కుర్రోడు. ఏలా?"

"దాన్ని తుడిచెయ్యాలి," అన్నాడు. అబద్ధం చెప్పడానికి బుర్ర పనిచెయ్యలేదు.

ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకుంది. "బాగుంది వరస. అందులో ఆయనున్నాడు నాయనా. బుజ్జి పెల్లయిన కొన్నాల్లకే పోయేడు. మనిసి నడుత్తా, మాటాడతా ఉన్నది అదొక్కటే నాకు. ఆ ఫొటో కుర్రోడు కూడా కొట్టెత్తేసి ఎటో ఎల్లిపోయేడు."

గూఢచారి ఎన్నడూ తన వేషం తీయకూడదు. ట్రైనింగ్‌లో మొదటి పాఠం అది. రామ్‌గోపాల్ గోనెసంచి మీద కూర్చుని ఆ పాఠం కాస్తా పక్కన పెట్టేశాడు.

"నేను కటక్ వ్యాపారిని కాను, పిన్నిగారూ. గవర్నమెంటు మనిషిని. మోహిత్ మంచివాడు కాదు. పొద్దున్న యాక్సిడెంట్‌లో పోయాడు. సముద్రంలో ఓడ మీద మా మనిషి ఒకామె ఉంది. ఆరింటికి పైనున్న మెషిన్ జవాబు చెప్పకపోతే ఆమెని చంపేస్తారు. ఆ మెషిన్ చచ్చిపోతోంది. అందులోది ఇంకోదాన్లోకి దింపాలి. నా దగ్గరున్నది చాల్లేదు."

ఆవిడ మోహిత్ కోసం మూతపెట్టి ఉంచిన అన్నం గిన్నె వైపు ఒకసారి చూసింది.

"ఆ పిల్ల నీకేటవుతాది?"

"ఏమీ అవదు."

"అవ్వాలనుందా?"

రామ్‌గోపాల్ నేల చూశాడు. చిన్నమ్మలు గల్లాపెట్టె తాళం తీసి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న చిన్న డ్రైవ్ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆయన్ని కల్లు మూసుకున్నా సూడగల్ను. తీసుకెల్లు. వేగిరం."

*

రెండోసారి శాతాలు మొదటిసారి కంటే మెల్లగా నడిచాయి. లేదా అతనికి అలా అనిపించింది. గోనెపట్టా ఎండిపోయిన కొద్దీ తడిపాడు. లాప్‌టాప్ అంచులు చెయ్యి పెట్టలేనంత వేడి. ఇయర్‌పీస్‌లో శ్రావ్య ఊపిరి వినిపిస్తోంది. కిటికీలోంచి ఎండ గోడ మీదికి, గోడ మీంచి పైకప్పు మీదికి జరిగి, ఎర్రబడి, పోయింది. ఎవరైనా వచ్చి తనతో దెబ్బలాడితే బాగుండుననిపించింది. కొట్టడానికి ఒక మొహం ఉంటే చాలు. ఇక్కడ చీమలు తప్ప శత్రువు లేడు.

నూరు పడింది. పడిన వెంటనే లాప్‌టాప్ ఒక్కసారి మూలిగి ఆరిపోయింది. మళ్లీ ఎంత నొక్కినా లేవలేదు.

డ్రైవ్ పీక్కుని కిందికి పరిగెత్తాడు. బిల్లుల కంప్యూటర్‌కి పెట్టాడు. స్టార్ట్ అవుతుండగా శ్రావ్య చెప్పిన కీ నొక్కి, ముందు యూఎస్‌బీ నుంచే బూట్ కావాలని మార్చాడు. నల్లని స్క్రీన్. పైన మూల ఒక గీత, మెరుస్తూ, ఆరుతూ. కాసేపు అక్షరాలు దొర్లాయి. ఆగిపోయాయి.

"డిస్కు దొరకలేదంటోంది."

"డ్రైవ్ మీద ఉంది కదా... ఆఁ, అర్థమైంది. వీఎం లోపల ఉన్నప్పుడు దానికి డిస్కంటే లాప్‌టాప్ చూపించిన ఉత్తుత్తి డిస్కు. నిజం యూఎస్‌బీని అదెప్పుడూ చూడలేదు. దాన్ని గుర్తుపట్టే డ్రైవర్ మామూలు స్టార్టప్‌లో లేదు. మళ్లీ స్టార్ట్ చెయ్యి. మెనూ వస్తుంది. కింద ఫాల్‌బ్యాక్ అని ఇంకో లైను ఉంటుంది. అందులో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. అది నొక్కు."

"లేకపోతే?"

"ముందు నొక్కు," అంది శ్రావ్య.

మెనూ వచ్చింది. రెండో లైను ఉంది. నొక్కాడు. అక్షరాలు దొర్లాయి, ఆగాయి. మళ్లీ దొర్లాయి. నీలం రంగు స్క్రీన్ మీద కోరల్ గుర్తు వెలిగింది. కింద ఒక గడియారం, ఒక లైను: ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను.

"వచ్చింది," అన్నాడు. మళ్లీ అన్నాడు, "శ్రావ్యా, వచ్చింది."

విశాఖపట్నం ఆఫీసులో చప్పట్లు వినిపించాయి. ఆరుకి ఇంకా అయిదు నిమిషాలుంది. నెట్ తీగ బిల్లుల కంప్యూటర్‌కి ఎప్పుడూ పెట్టే ఉంటుంది. ఇక ఏమీ చెయ్యక్కర్లేదు. ఈసారి ఆ ఆర్డరు తీపిగానే అనిపించింది.

సరిగ్గా అప్పుడు, గోడకి ఉన్న నెట్ డబ్బా పచ్చలైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

కరెంటు పోలేదు. బల్బు వెలుగుతూనే ఉంది. స్క్రీన్ వెలుగుతూనే ఉంది. నెట్ డబ్బా ప్లగ్గు మాత్రం గోడకి లేదు. రామ్‌గోపాల్ చుట్టూ చూశాడు. కొట్టు మూల దేవుడి గూడు ముందు చిన్నమ్మలు పీట వేసుకుని కూర్చుంది. దీపం అప్పుడే వెలిగించింది. నెట్ డబ్బా అడాప్టరు ఆవిడ చీర కొంగున ముడేసి ఉంది.

"పిన్నిగారూ, నెట్. నెట్ కావాలి. ఇప్పుడే."

ఆవిడ కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి ఆగమంది. "దీపం ఎట్టేను. దీపాలేళ కొట్లోంచి ఏటీ బయటికి పోకూడదు. మా అత్తగారి కాణ్ణించీ ఉన్నదే. పూర్వం గల్లాపెట్టె మూసేవోల్లం. ఇప్పుడు డబ్బంతా ఆ డబ్బాలోంచే పోతంది. అందుకని అది కట్టేత్తాను. రోజూ కట్టేత్తాను. హారతయ్యేక పెడతాను. కూసో."

"ఆ పిల్ల చచ్చిపోతుంది పిన్నిగారూ."

"ఆ పిల్ల కోసమే దండం పెడతన్నాను నాయనా. మాటాడించకు."

ఆవిడ పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

రామ్‌గోపాల్ చెయ్యి చాచాడు. కొంగు ముడి ఒక్క గుంజుకి వచ్చేస్తుంది. మూడు దేశాల్లో ఎంతోమంది మెడలు విరిచిన చెయ్యి అది. కాసేపటి కిందటే తన మొగుడు నడుస్తూ మాట్లాడే ఒకే ఒక్క వీడియోని ఈ చేతిలో పెట్టి కళ్లు మూసుకున్న మనిషి, ఇప్పుడు మళ్లీ కళ్లు మూసుకుని ఎవరో తెలియని ఆడపిల్ల కోసం దండం పెడుతోంది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముందుకి పోదు. వెనక్కి రాదు.

"రామ్‌గోపాల్, లైన్ పోయింది," అంటోంది శ్రావ్య. "ఏమైంది? రామ్‌గోపాల్?"

స్క్రీన్ మీది గడియారం ఆరు చూపించింది. ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను, అంటోంది కింద లైను. ఆ మాట అలాగే ఉంది. అతను కాటా పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. నీళ్లలోకి దిగుతున్న లంగరు కళ్ల ముందు కదిలింది. బయట పొత్తులవాడు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. లోకం ఇలా మామూలుగా ఎలా ఉందో అతనికి అర్థం కాలేదు.

హారతి అయింది. ఆవిడ కళ్లకద్దుకుంది, అతని చేతా అద్దించింది. కొంగు ముడి విప్పి, అడాప్టరు గోడకి పెట్టింది. లైట్లు ఒకటొకటిగా, తీరిగ్గా, వెలిగాయి. స్క్రీన్ మీద లైను మారింది. ప్రశ్న వచ్చింది. జవాబు వెళ్లింది. ఆలస్యంగా.

*

సుమశ్రీ బతికుంటే ఏదో ఒక ఫొటో పెడుతుంది. అదే వాళ్లిద్దరి మధ్య ఉన్న సంకేతం. రామ్‌గోపాల్ ఫోన్‌లో ఆమె పేజీ తెరిచాడు. నిన్నటి ఫొటోయే ఉంది. వేలితో కిందికి లాగాడు. నిన్నటిదే. మళ్లీ లాగాడు. చిన్నమ్మలు అతని ముందు అన్నం కంచం పెట్టింది. మోహిత్ కోసం ఉంచిన అన్నమే. అతను ముట్టుకోలేదు.

లాగాడు. కొత్త ఫొటో వచ్చింది. డెక్ మీద ఆకుపచ్చ గౌను, నల్ల కళ్లద్దాలు, చేతిలో నిమ్మరసం గ్లాసు.

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చిన్నమ్మలు కంచం కొంచెం దగ్గరికి జరిపింది.

చీఫ్ ఫోన్ కాసేపటికి వచ్చింది. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది.

"సుమశ్రీ మెసేజ్ పంపింది. మోహిత్ పగలంతా ఫోన్ ఎత్తలేదని కమడోర్‌కి అనుమానం వచ్చిందట. పిస్తోలు టేబుల్ మీద పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాడట. ఎదురుగా సుమశ్రీని కూర్చోబెట్టాడు. జవాబు ఆరింటికి వస్తుందేమోనని."

"రాలేదు కదా, సార్. ఆలస్యమైంది."

"అదే చెబుతున్నాను. ఆ పోస్టు నుంచి జవాబు ఏ ఒక్కరోజూ ఆరింటికి రాలేదట. రోజూ ఆలస్యమే. సాంకేతిక కారణాలని మోహిత్ రిపోర్టులు రాసేవాడు. ఇవాళ ఠంచనుగా వస్తే అది పోలీసులు పంపిందేనని తేల్చుకుని కూర్చున్నాడు వాడు. ఆరు కొట్టింది, రాలేదు. రోజూ వచ్చే వేళకే వచ్చింది. నవ్వి, పిస్తోలు లోపల పెట్టుకుని, ఆమెకి కేబుల్ తెంచబోయే చోటు చెప్పేశాడు. అమావాస్య రోజున మన నేవీ వాళ్లకి అక్కడ స్వాగతం చెబుతుంది. నువ్వెలా కనిపెట్టావయ్యా ఆ ఆలస్యం సంగతి?"

రామ్‌గోపాల్ దేవుడి గూట్లో మినుకుమినుకుమంటున్న దీపం వైపు చూశాడు. ప్రమోషన్ తెచ్చే జవాబొకటి నాలుక మీదికి వచ్చింది. మింగేశాడు.

"నేను కనిపెట్టలేదు సార్. రోజూ దీపాలవేళ నెట్ కట్టేసేది కొట్టు పెద్దావిడ. నేను ఆపబోయాను."

"ఏదైతేనేం. అమావాస్య దాకా జవాబు ఇలాగే వెళ్లాలి. ఇదే ఆలస్యం, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. ఆ పెద్దావిణ్ణి కొట్టు దాటనివ్వకు."

ఫోన్ పెట్టేసి తల తిప్పేసరికి చిన్నమ్మలు సంచిలో రెండు చీరలు మడతపెడుతోంది.

"ఎక్కడికి పిన్నిగారూ?"

"పొద్దున్నే ఎస్. రాయవరం ఎల్తన్నాను బాబూ. మా అప్పకి కాలిరిగింది, సేసేవోల్లు లేరు. అమాసెల్లేక వత్తాను. కొట్టు నువ్వు సూసుకో, గవర్నమెంటోడివే కదా." అతని మొహం చూసి ఆగింది. "ఏటలా సూత్తావు?"

చూసి లాభం లేదని అతనికి తెలుసు. విరిగిన కాలు ముందు కేంద్ర ప్రభుత్వం ఏం చెబుతుంది?

"డబ్బా నేను కట్టేస్తాలెండి, మీరు చెప్పినంతసేపు."

"డబ్బా ఊరికే కట్టకూడదు. దీపం ఎట్టి, పాట సదివి, హారతిచ్చేకే పెట్టాల. పాట మద్దెలో ఆపకూడదు." ఆవిడ దూది ఉండ తెచ్చి అతని ముందు పెట్టింది. "ముందు వత్తి సెయ్యడం సూడు. నీటుగా రావాల."

ఏజెంట్ రామ్‌గోపాల్ లాల్చీ చేతులు పైకి మడిచి, దూది తీసుకుని తొడ మీద ఒత్తాడు. అది వత్తిలా కాక వానపాములా వచ్చింది. ఆవిడ దాన్ని తీసి పక్కన పడేసి, మళ్లీ దూది ఇచ్చింది. నాలుగోది కూడా పడేశాక అతను చీఫ్‌కి మళ్లీ ఫోన్ చేశాడు.

"సార్, ఆయుధాల సెక్షన్‌కి ఇండెంటు పెట్టండి. దూది, నువ్వుల నూనె. ఎక్కువే పంపమనండి, చాలా వేస్టవుతోంది."